పళ్లకు తప్ప అన్నిటికీ

ఆత్మకూరు బస్టాండు పక్కన కంప్యూటర్ రిపేరు అంగడి నడిపే కోటేశ్వర్‌కు టూత్‌పేస్టు మీద ఉన్నంత గురి లోకంలో మరి దేనిమీదా లేదు. గీతపడ్డ ఫోనుకు పేస్టు, మసకబారిన కళ్లద్దాలకు పేస్టు, వాచీ అద్దానికి పేస్టు. పళ్లకు మాత్రం వేపపుల్లే. "అంత మంచి సరుకును పళ్లకు పూసి ఉమ్మేస్తే ఎట్టా?" అంటాడు.

ఒకసారి జలదంకి పెళ్లిలో పెళ్లికొడుకు కారు మీద గీత చూసి జేబులోంచి ట్యూబు తీశాడు. ముహూర్తం దాటిపోతోందని మొత్తుకున్నా కారు వదల్లేదు. ఇప్పటికీ ఎండలో నిలబెడితే ఆ కారు ఒక పక్క పుదీనా వాసన కొడుతుందని చెప్పుకుంటారు.

అలాంటి మనిషి దగ్గరకు ఉదయగిరి నుంచి సుకుమారి ఒక గేమ్ సీడీ పట్టుకుని వచ్చింది. దారంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది, రోడ్డు మీద ఈడ్చినారా?"

"నేనే అన్నా. ఆయుధపూజకు కంప్యూటర్‌తో పాటు దీనికీ బొట్టు పెట్టినాను. మరకైంది. సబ్బేసి పీచుతో తోమినాను."

ఆమె భర్త పెంచలయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కసరత్తు చేయమంటే కసురుకునేవాడు. ఈ కార్ల పందెం గేమ్ ఒక్కటే అతని వేళ్లను కదిలించింది. ఆరు నెలలకు రెండు వేళ్లు మాట వినడం మొదలుపెట్టాయి. ఆ సీడీ లేనిదే గేమ్ తెరుచుకోదు. ఇంకో గేమ్ పెడితే ముఖం తిప్పుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

"ఆయన చెయ్యి మళ్లీ నేనే పడగొట్టినాను" అంది సుకుమారి.

కోటేశ్వర్ సీడీని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "ఇవి తోమితే పడిన గీతలు కాదమ్మా, పాతదై పడినయ్యి. మీ తప్పేం లేదు. పేస్టులో నాలుగు రోజులు నానితే సరిపోతాది."

సుకుమారి రోజూ ఫోన్ చేసింది. ఒకరోజు అతను వింజమూరు బస్సులో ఉన్నాడు, మరునాడు కావలిలో, ఆ మరునాడు నెల్లూరులో.

"అంగట్లో పేస్టు అయిపోయిందమ్మా. దానికోసమే తిరగతా ఉండాను."

అయిదో రోజు సీడీ చేతికిచ్చాడు. గుప్పున పుదీనా వాసన, సన్నగా రెండు గీతలు, పేరు అచ్చేసిన వైపు లేత కుంకుమ మరక. "పెద్ద గీతలు పోయినయ్యి గానీ, మీ బొట్టు మాత్రం పోలేదమ్మా."

ఇంట్లో తెర మీద కారు పరుగెత్తింది, మొదటి మలుపులోనే గోడను గుద్దింది. పెంచలయ్య హాయిగా తిట్టుకుంటూ వేళ్లు కదిపాడు. సుకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఆట అయ్యాక సీడీ తీసి రెండు వైపులా తిప్పి చూసింది. అద్దంలా మెరిసేదే దాని ముఖమనుకుని ఆమె బొట్టు పెట్టింది ఆ వైపు. తోమిందీ ఆ వైపే. అక్షరాల వైపు ఆమె కుంకుమ పెట్టనే లేదు. అయినా పేస్టు కోసం నెల్లూరుదాకా ఎవరు పోతారు?

మరుసటి వారం ఆత్మకూరు వచ్చి, కోటేశ్వర్ ముందు పెద్ద టూత్‌పేస్టు ట్యూబు పెట్టింది.

"తీసుకో అన్నా. నాలుగు ఊళ్లు తిరిగినా దొరకలేదంటివే."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"వచ్చే ఆయుధపూజకు అక్షరాలుండే పక్కే పెడతాలే అన్నా బొట్టు. మొన్న మెరిసే పక్క పెట్టినాను."

కోటేశ్వర్ కొత్త ట్యూబు మూత తిప్పి, తళతళలాడుతున్న గల్లాబల్ల అద్దం మీద ఇంత పేస్టు పిండి గబగబా రుద్దసాగాడు.

"ఇక్కడొక గీత ఉండాదమ్మా" అన్నాడు.

సుకుమారి వంగి చూసింది. గీతేమీ లేదు.

"అవునన్నా, పెద్దదే" అంది.