రోకటి పోటుకు తిరిగిన బిడ్డ

నాకు అక్షరాలు వచ్చేసరికి తల నెరిసింది. నా చిన్న కూతురు పంతులమ్మ చదువు చదివిన రోజుల పుస్తకం ఒకటి గూట్లో పడి ఉంటే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ దాన్నే చదవడం మొదలుపెట్టాను. పిల్లలు ఎలా పెరుగుతారో చెప్పే పుస్తకం అది. పూర్వం బిడ్డను పొట్టి మనిషి అనుకునేవారట. చిన్న చొక్కా తొడిగి పెద్ద పని చెప్పేవారట. తర్వాత ఒకాయన వచ్చి, బిడ్డ మనసు ఏమీ రాయని పలక, మనం ఏది రాస్తే అదే అన్నాడట. ఇంకొకాయన, కాదు, బిడ్డకు కావలసిందంతా పుట్టుకతోనే లోపల ఉంటుంది, అడ్డం తొలగిస్తే చాలు అన్నాడట. ఆ వెనక వచ్చినవాళ్లు మెట్లు కట్టారు. ఈ వయసుకు కూర్చోవాలి, ఈ వయసుకు నిలబడాలి, ఈ వయసుకు మాట్లాడాలి.

చదివేకొద్దీ నాకు నమ్మకం కలగలేదు, అనుమానం కలిగింది. ఈ పెద్దమనుషులు ఎవరింటి బిడ్డను చూసి రాశారు? ఆ పూట ఆ బిడ్డ తల్లి ఎక్కడుంది? పుస్తకంలో అది లేదు. పలకే అయితే, నా పెద్ద కూతురి మీద నేను ఏళ్ల తరబడి మాటలు రాశాను. ఒక్కటీ అంటలేదు.

మా అత్తగారి ఊరు నల్లమాడ దగ్గర. బ్లాకు ఆఫీసులు కొత్తగా పెట్టిన రోజులవి. పెద్దదానికి మూడో ఏడు నడుస్తోంది, నోట మాట లేదు. నవ్వేది, ఏడ్చేది, కావలసింది వేలితో చూపేది. వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. మొండిది అనేవాళ్లం. చెవుల మీద మాకు అనుమానమే రాలేదు. వీధి చివర ఎద్దులబండి మలుపు తిరిగితే మా అందరికంటే ముందు తల తిప్పేది. నేను రోట్లో కొర్రలు దంచడం మొదలుపెడితే ఎక్కడున్నా నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చేది. ఉరుము ఉరిమితే ఏమైనా తెలిసేదేమో, ఆ ఏడు అదీ లేదు.

మా అత్త చెప్పేది ఒకటే. మాట బిడ్డ లోపల తయారుగా ఉంది, నాలుక కింది నరం దాన్ని పట్టుకుని ఆపుతోంది. (పుస్తకంలోని రెండో ఆయన మాటా ఇంచుమించు ఇదే. ఆయన దగ్గర మంత్రసాని లేదు, అంతే తేడా.) అత్త వసకొమ్ము అరగదీసి నాకించింది, తేనె పూసింది. లాభం లేకపోయింది.

"అమావాస్య పోనీ. మంత్రసానిని పిలిపించి ఆ నరం తెంపిస్తా," అంది.

మంత్రసాని ఆ పనికని బొటనవేలి గోరు పెంచుకుని ఉండేది. పక్క వీధిలో ఒక పిల్లవాడికి ఆ గోటితోనే తెంపింది. వాడి నోరంతా చీము పట్టింది. వాడు బతికాడు, కానీ ఆ బతకడం ఎలాంటిదో నేను కళ్లారా చూశాను. అత్త మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఆయన, "ఆడోళ్ల సంగతి నాకేం తెలుసు," అని గొర్రు భుజాన వేసుకుని చేనికి పోయాడు.

అప్పుడే బ్లాకు ఆఫీసు నుంచి ఊళ్లోకి గ్రామసేవిక వచ్చింది. అనంతపురం పిల్ల, పెళ్లి కాలేదు, చేతికి గడియారం. చావడి గోడకు పిల్లలు మెట్టు మెట్టుగా ఎదిగే బొమ్మల పటం తగిలించి, పిల్లలకు పాలపొడి కలిపి పోసేది. ఊరకే ఎవరిస్తారు? అది తాగితే ముందు ముందు పిల్లలు పుట్టరని ఒకరన్నారు. పటాలానికి పట్టుకుపోవడానికి బలిపిస్తున్నారని ఇంకొకరన్నారు. మొదటి రోజు తెచ్చిన పాలు నేను కుక్కకు పోసి, పొద్దు గుంకేదాకా దాని వెంటే తిరిగాను.

ఒకరోజు చావడిలో ఆ పిల్ల నా బిడ్డ వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. బిడ్డ తిరగలేదు.

"అక్కా, పాపకు చెవులు వినపడతాయా?"

"ఎందుకు వినపడవు? రోట్లో రోకలి పడితే యాడున్నా ఉరికొస్తాది."

"ఇంకోసారి చూడక్కా. నాకెందుకో అనుమానంగా ఉండాది."

పక్కనే ఉన్న మా అత్త అందుకుంది. "పెండ్లి కాని దానివి, బిడ్డల సంగతి నీకేం తెలుసమ్మా? చెవుడని రాసుకొని మా బిడ్డను యాడికి పంపిస్తావు?"

"యాడికీ పంపనవ్వా. ఆ నాలుక నరం మాత్రం తెంపించొద్దు."

"ఆ మాట నీకెవురు చెప్పినారు?" అని అడిగి, అత్త నావైపు తిరిగింది. నేను చెప్పలేదు. చెప్పలేదన్నా ఆమె నమ్మలేదు.

పోతూ పోతూ ఆ పటం చూశాను. మాట్లాడే మెట్టు మీద నోరు తెరిచిన బిడ్డ బొమ్మ ఉంది. చెవి ఏ మెట్టు మీదా లేదు.

మర్నాడు బిడ్డ వెనక చేరి ఇత్తడి తట్ట మీద గరిటెతో కొట్టాను. తిరగలేదు. రోకలి వేశాను. తిరిగి నవ్వింది. మా రోలు నేలలో పాతిన రోలు. పోటు పడినప్పుడల్లా పక్కనున్న కుండలో నీళ్లు వణుకుతాయి. బిడ్డ కాళ్లు ఆ నేల మీదే ఉన్నాయి. కాళ్లు నేలకు ఆనకుండా బిడ్డను ఎత్తి చూస్తే సంగతి తేలిపోయేది. తేలిపోతుందనే భయపడి ఎత్తలేదు.

అమావాస్య పోయింది. మంత్రసాని వచ్చి కూర్చుని నూనె అడిగింది. అత్త బిడ్డను ఒళ్లోకి తీసుకుని గడ్డం పట్టుకుంది. నేను పోయి బిడ్డను లాక్కుని నులకమంచం మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. రోకలి అందుకున్నాను.

"ఏమే, ఏం చేస్తాండావు?"

"దంచుతాండా."

"రోట్లో గింజ లేందే ఏం దంచుతావే, పిచ్చి పట్టిందా?"

ఉత్త రోట్లో పోటు వేశాను. బిడ్డ నులక పీకుతూ ఆడుకుంటోంది. ఇంకా గట్టిగా వేశాను. తల తిప్పలేదు. కిందికి దించి నిలబెట్టి మళ్లీ వేశాను. గిరుక్కున తిరిగి, చేతులు చాపి నవ్వింది.

మంత్రసాని గోరు కొంగుకు తుడుచుకుంది. "నరమైతే నేను చూస్తా. చెవి నా పని కాదు."

"మంచమెక్కిస్తే ఏ బిడ్డయినా ఆటలో పడతాది," అంది అత్త. "ఇది, ఆ గడియారం పిల్ల, ఇద్దరూ కుమ్మక్కయినారు." రోకలి నా చేతిలోంచి లాక్కుంది. తానే బిడ్డను మంచం ఎక్కించి, తానే పోటు వేసింది. వేసింది, వేసింది, రోటి చుట్టూ మట్టి లేచేదాకా వేసింది. బిడ్డ నులక పీకుతూనే ఉంది. అత్త రోకలి గోడకు ఆనించి, మంత్రసాని వైపు చూడకుండానే, "నువ్వు పో ఇంగ," అంది.

సాయంత్రం సంగటి కలిపి అత్త బిడ్డను పిలవలేదు. మడమతో నేలను గట్టిగా తన్నింది. బిడ్డ తిరిగి పరిగెత్తుకొచ్చింది. ముద్ద నోట్లో పెడుతూ అత్త నావైపు ఓరగా చూసింది.

"చూసినావా? నేను పిలిస్తే పలుకుతాది. మీకే పిలిచేది రాదు."