ఎండవేళ లెక్కతీసిన రోడ్డు

మా మేనత్త పోయిన నెల చనిపోయింది. సాయంత్రం కూరగాయలు తీసుకుని వస్తుంటే, రోడ్డు దాటేచోట కారు గుద్దింది. నాకు ఫోను చేసినవాళ్ళు, పెద్దావిడ కదా, చూసుకోకుండా డివైడర్ ఎక్కి దాటబోయిందేమో అన్నారు. ఆ మాట అన్నవాళ్ళందరికీ చెప్తున్నా, ఆమె ఏనాడూ డివైడర్ ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులతో అంత దూరమూ నడిచి, డివైడర్ మధ్యలో బండ్లు మళ్ళడానికి వదిలిన సందు దగ్గరే దాటేది. ఆ రోజూ అక్కడే దాటింది.

అత్త కోయిలకుంట్ల ఆడపడుచు. ఇంజనీరింగ్ చదివి, పట్టణ ప్రణాళిక పనిలోనే రిటైరయింది. రాజంపేటలో పెళ్ళికి పోయినా కల్యాణమండపం ముందు నిలబడి జనం రోడ్డెట్లా దాటుతున్నారో చూసేది. లోపల తలంబ్రాలు అయిపోయేవి. మా అమ్మ విసుక్కుంటే, "బండికి బ్రేకుండాది వదినా, మనిషికేముండాది?" అనేది. ఏ ఊరు పోయినా ముందు నడిచేవాళ్ళను చూడడం నాకు ఆమె పెట్టిన అలవాటే.

మా వీధి ముందు రోడ్డులో ఇంకా ఎక్కువ బండ్లు పట్టించాలని సర్వే చేయించారు. బయటినుంచి వచ్చినవాళ్ళు నడిచే జనాన్ని లెక్కపెట్టింది ఎప్పుడు? నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మా సీమలో ఆ వేళకు రోడ్డు మీద కుక్క కూడా తిరగదు. పొద్దున్నే పనులు ముగించుకుని తలుపులేసుకున్న ఊరిని చూసి, ఇక్కడ దాటేవాళ్ళే లేరని తేల్చారు. వీధికి ఎదురుగా జనం దాటే దారి మూసి డివైడర్ కట్టేశారు.

కట్టకముందు అభిప్రాయాలు చెప్పమని అధికారులు పిలిస్తే అత్త వెళ్ళింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "పొద్దన, సాయంత్రం వచ్చి సూడండప్పా. ఈడ ఎండను అడక్కుండా ఏ లెక్కా తీయగూడదు" అంది. టీ ఇచ్చి, మీరు విశ్రాంతి తీసుకోండి మేడమ్ అన్నారు. ఇచ్చారు మహానుభావులు, శాశ్వతంగా. వాళ్ళమీద నా కోపం పోలేదు, పోవాలనీ లేదు.

దినాల రోజు మా వార్డు పెద్దమనిషి ఒకాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించాడు. ఎక్కడ? ఆమె పోయిన ఆ సందు అంచునే, డివైడర్ మీద. ఆమె బొమ్మ కంటే చేతులు జోడించిన ఆయన బొమ్మ పెద్దది. మళ్ళే బండ్లకు ఆ ఫ్లెక్సీ అవతల నిలబడ్డ మనిషి బొత్తిగా కనపడదు. మలుపు దగ్గర చిన్న బోర్డు అడ్డమున్నా పీకించిన మనిషికి చేసే మర్యాద ఇదా?

నేను కొడవలి తీసుకుపోయి తాళ్ళు కోశాను. ఆయన మనుషులు అడ్డం వచ్చారు. "ఏందప్పా, మీ అత్తకే కదా మర్యాద చేస్తాండేది, కోస్తాండావు?" అన్నాడు ఒకడు.

"సచ్చినామె కనపడితే సాలునా? బతికినోళ్ళు కనపడొద్దా?" అన్నాను.

ఫ్లెక్సీ జారి కింద పడింది. దాని వెనక చంకలో బిడ్డతో ఒకామె నిలబడి ఉంది. ఒక కాలు రోడ్డు మీద పెట్టింది, వచ్చే బండ్లను చూసింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.