పడవెక్కిన నెత్తళ్ళు

ఉద్యోగమంటే ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఎదురుగా ఒక కంప్యూటరు అనుకునే వయసు అందరికీ ఒకటుంటుంది. నాకైతే ఆ రోజుల్లో కుర్చీ కదలకుండా ఉంటే చాలనిపించేది. కదిలేదేదీ నా ఒంటికి పడదు, అందులోనూ పడవ అసలు పడదు. మా శ్రీకాకుళం తీరంలో తరతరాలుగా చేపల వేట చేసుకునే ఇంట్లో పుట్టి, పడవ ఇసక దిగగానే కడుపు నోట్లోకి వచ్చే కొడుకును నేనొక్కడినే. (కంసాలి కొడుక్కి కుంపటంటే భయం అన్నట్టుండేది మా ఇంటి పరువు.) అందుకే విజయనగరంలో డిప్లొమా చదివి, కంప్యూటర్లో పడవల బొమ్మలు గీసే పని చూసుకున్నాను. మా అయ్య అడ్డు చెప్పలేదు. ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం తీరేలోగా ఆ పని నిలబడకపోతే మాత్రం వచ్చి వల పట్టాల్సిందేనని మా అమ్మ చేత చెప్పించాడు.

పని ఇచ్చినాయన నాకు వరసకు బావ. ఆయనది ఫైబర్ పడవలు చేసే షెడ్డు. ఒంటి నుంచి ఎప్పుడూ ఫైబరును గట్టిపరిచే రెసిన్ జిగురు వాసన వచ్చేది కాబట్టి ఊరందరికీ ఆయన రెసిన్ బావ. పడవను ముందే తెర మీద చూపిస్తే బేరాలు తెగుతాయని ఎవరో చెబితే నమ్మి నన్ను పెట్టుకున్నాడు. ఒక్క బేరమూ తెగలేదు. మొహమాటస్థుడు కనుక నన్నేమీ అనేవాడు కాదు గానీ, వచ్చిపోయేటప్పుడల్లా కరెంటు మీటరుకేసి చూసి నిట్టూర్చేవాడు.

అలాంటి సమయంలో మా అయ్యే ఒక బేరం తెచ్చాడు. పక్క ఊరి పెద్దాయన, నేను తాతా అని పిలిచేవాణ్ణి, ఆయనకు కొత్త పడవ కావాలి. చిక్కేమిటంటే, ఆయన దృష్టిలో చెక్కది తప్ప మరొకటి పడవే కాదు. ఫైబరును ఆయన ప్లాస్టిక్ బక్కెట్టు కింద జమకట్టాడు. దానికి రెసిన్ బావ ఒక ఉపాయం ఆలోచించాడు. పడవ ఫైబరుదే అయినా తెర మీద చెక్క రంగులో కనపడితే తాత మనసు మెత్తబడుతుందట. ఇది గనక పోతే కంప్యూటరు అమ్మేస్తానని కూడా, ఎటో చూస్తూ, చెప్పాడు.

సాఫ్ట్‌వేర్లో చెక్కలకు కొదవ లేదు, కానీ అన్నీ ఎక్కడెక్కడి దేశాలవో. ఏది తొడిగినా పడవ పెళ్ళి మంచంలా నిగనిగలాడేది. ఇలా కాదని నేనే సొంతంగా ఒక రంగు ఫైలు తయారుచేయాలనుకున్నాను. అసలు చెక్కను ఫొటో తీసి, దానికి మెరుపు ఎంత, గరుకు ఎంత అని చెప్పి దాచుకుంటే, సాఫ్ట్‌వేరు ఆ ఫొటోనే గచ్చు మీద టైల్స్ పరిచినట్టు పక్కపక్కనే పరిచి వస్తువంతా కప్పేస్తుంది. ఇసకలో బోర్లించిన మా పాత నావ ఉండనే ఉంది. దాని మీద మా అమ్మ వేలెడేసి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టింది. ఫొటో కోసం తియ్యమంటే, "సెక్కకి కూడా ఫొటో ఏట్రా, దానికేటి పెళ్ళి సూపులా" అని సణుగుతూ ఎత్తేసింది. అన్నీ ఎత్తేసిందనే అనుకున్నాను. షెడ్డుకొచ్చి తెర మీద ఒక చిన్న పలక ముక్కకు తొడిగి చూస్తే అచ్చం చెక్కే. (ఆ ముక్కకు ఫొటోలో పై మూల మాత్రమే పట్టిందని నాకు తట్టలేదు.)

తాత వచ్చాడు, పక్కన మా అయ్య. ఇద్దరూ తెర ముందు కూర్చున్నాక పడవకు ఆ చెక్క తొడిగాను. మా ముసలి కంప్యూటరు కాసేపు మూలిగి, బొమ్మను మెల్లగా తేల్చింది. పడవ ఒళ్ళంతా, ముక్కు నుంచి తోక దాకా, వరసలు వరసలుగా నెత్తళ్ళు! ఫొటో అడుగు అంచున మిగిలిపోయిన ఒక్క చేప అన్నిసార్లు పరుచుకుంది. రెసిన్ బావ ముఖం పాలిపోయింది. మా అయ్య నావైపు చూడలేదు. నేను మాత్రం కదలని నా కుర్చీని పడవ అంచు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాను.

తాత కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరకంటా వంగి చాలాసేపు చూశాడు.

"సేపలు బాగున్నాయి. తలకాయలే నీళ్ళకేసి ఉన్నాయి. ఎక్కిన సేప దిగిపోతన్నట్టు లేదేటి? పైకి తిప్పు."

తిప్పడం ఎంత పని! కోణం పెట్టే గడిలో ఒక అంకె మార్చాను. నెత్తళ్ళన్నీ ఒక్కసారిగా తలలు పైకెత్తి పడవెక్కసాగాయి. తాత తృప్తిగా తల ఊపి, పడవ ఫైబరుదే చేయమన్నాడు, ఆ చేపల్ని మాత్రం రంగుల్లో అలాగే దింపాలన్నాడు. రెసిన్ బావ ఆ రోజు కరెంటు మీటరుకేసి చూడలేదు.

నా ఉద్యోగం నిలబడింది, సముద్రం బెడద తప్పింది అని నేను సంబరపడుతుండగా, పడవ నీళ్ళలో దించే రోజు తాత ఒడ్డున నిలబడి నన్ను వేలితో చూపించాడు. "బొమ్మ గీసినోడు ముందు ఎక్కాల. ఆడే ఎక్కకపోతే మేమెలా నమ్మడం?"

అలా, సముద్రం తప్పించుకోవడానికి గీసిన పడవలోనే నేను సముద్రం మీదికి వెళ్ళాను. మొదటి అల దాటామో లేదో, అంచు మీదికి వంగి నా కొత్త నెత్తళ్ళ మీదే కక్కేశాను. పడవలో అందరూ నవ్వుతుంటే మా అయ్య వచ్చి, ఉప్పుకు గరుకెక్కిన అరచేత్తో నా నుదురు గట్టిగా పట్టుకున్నాడు. "మావోడు సేపలకి మేతేస్తన్నాడు, మీరు మీ పని సూసుకోండి" అన్నాడు వాళ్ళతో. తర్వాత నాకొక్కడికే వినపడేలా, "నీకీ నీళ్ళొద్దులేరా" అన్నాడు.

అన్న మాట ప్రకారం మళ్ళీ ఎప్పుడూ నన్ను వేటకు రమ్మనలేదు. ఆ మాటకు నేను అప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. ఇప్పుడు ఆయన కూడా వేట మానేసి, సాయంత్రాలు ఒడ్డున కూర్చుని వచ్చే పడవల్ని చూస్తుంటాడు. ఒక్కసారి రమ్మని పిలిస్తే బాగుండునని ఈ మధ్య నాకు అనిపిస్తోంది. జేబులో రెండు నిమ్మకాయలు వేసుకుని వెళ్ళేవాణ్ణి. కక్కితే కక్కుతాను, నుదురు పట్టుకోవడానికి ఆయన ఉంటాడు కదా.