షాహీనా సన్మానానికి తెచ్చిన ఐసుగడ్డ

అండర్-18 భారత ఐస్ హాకీ జట్టుతో విదేశం వెళ్లి ఆడివచ్చిన మా వీధి షాహీనాకు ఈ రోజు మార్కాపురంలో సన్మానం చేశాం. జట్టు అన్ని మ్యాచ్‌లూ ఓడింది కానీ, మనవాళ్లు కొట్టిన ఒక్క గోల్ ఈ పిల్లదే.

అదేం ఆటో జనానికి తెలియాలి కదా! అందుకని ఐసుగడ్డ మీద నిలబెట్టి ఫోటో తీయిద్దామన్నాడు కిరాణా కొట్టు సుబ్బయ్య. ఫ్యాక్టరీ నుంచి మంచమంత గడ్డ తెప్పించి, ఊక కప్పి స్టేజీ మీద పెట్టాం.

ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. ఎండ మాడుస్తోంది. ముందు పెద్దల మజ్జిగలోకి ఒక మూల పగలగొట్టారు. తర్వాత ఉపన్యాసకుల సోడాల్లోకి ఇంకో మూల. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఎవరికి వాళ్లే పగలగొట్టుకున్నారు. అతిథి వచ్చేసరికి తడి ఊక మిగిలింది. ఆయన ఆ ఎండలో పిల్లకు ఉన్ని శాలువా కప్పి వెళ్లిపోయారు.

"ఏంది ఇట్ల చేసినారు! ఐసు లేకుండా ఐస్ హాకీ ఫోటో ఏంది?" అని సుబ్బయ్య నెత్తి కొట్టుకున్నాడు.

షాహీనా నవ్వింది. "ఏం కాదులే మామా, నాకు అలవాటే. ఇక్కడ సిమెంటు రోడ్డు మీద చక్రాల బూట్లతోనే కదా నేర్చుకున్నా. టీమ్‌లోకి తీసుకున్నాక గానీ ఐసు మీద కాలు పెట్టలా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. నా చేతిలో సోడా గ్లాసుంది, అందులో ఆఖరి ముక్క కరుగుతోంది.

మీరైతే తాగేవాళ్లా, పారబోసేవాళ్లా?