బొమ్మలో లేని మనిషి

మూసాపేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గారు పోయిన ఆదివారం కన్నుమూశారు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారట. ఆయన కూతురు ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే నా చూపు గోడ మీది పటం వైపు పోయింది. ఆ పటం కట్టింది ఆయనే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది గుంటూరు, నా ఉద్యోగం హైటెక్ సిటీలో. మా వాటా కిందే ఆయన వడ్రంగి షెడ్డు. బంద్ రోజుల్లో షెడ్డు మూసి ఊరేగింపుకు వెళ్లేవారు. గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, వచ్చేటప్పుడు మాకూ ఓ పాల ప్యాకెట్టు పట్టుకొచ్చేవారు.

మా అమ్మమ్మ ఇచ్చిన పటం కిందపడి అద్దమూ ఫ్రేమూ పగిలితే, మళ్లీ కట్టమని ఆయనకే ఇచ్చాను. ఐరోపాలో ఎప్పుడో వందల ఏళ్ల కిందట వేసిన బొమ్మకు అచ్చు అది. మరియమ్మ, ఒడిలో బాల యేసు, చుట్టూ చీకటి. ఫ్రేముకు చెక్క చాలడం లేదన్నారు.

"ఆ పక్క నల్లగా ఉన్నది కోసేయండి బాబాయి గారూ, అక్కడేం లేదు."

ఆయన బొమ్మను గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి చూశారు.

"ఏం లేదంటవేంది బిడ్డా? ఇంటాయన ఉన్నడు గద!"

నిజమే. గాడిద తాడు పట్టుకుని మరియమ్మ భర్త యోసేపు నిలబడి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పటం ముందు మోకరించినదాన్ని, నాకు కనబడనేలేదు. సిగ్గేసి, కథంతా చెప్పాను. రాజు పసివాణ్ణి చంపిస్తాడని తెలిసి పరాయి దేశం పారిపోతున్నారని, యోసేపూ వడ్రంగేనని.

"అట్లనా! మావోడే!" అని మురిసిపోయారు. "తల్లినీ పిల్లగాన్నీ వెలుగుల కూసోబెట్టి, తను చీకట్ల నిలవడ్డడు. కావలి ఉండుడంటే గిట్లనే."

ఆ వారమే మావారు ఇల్లు ఖాళీ చేసి గుంటూరు పోదామంటున్నారు. నాకేమో వెళ్లాలని లేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా బాబాయి గారూ?"

ఆయన చిత్రిక పట్టడం ఆపారు.

"రాష్ట్రం కావాలె. అండ్ల తేడా లేదు. నిన్ను పొమ్మన్నదెవరు? గా పరాయి దేశంల ఈళ్లకు ఎవరో ఒకరు ఇల్లు కిరాయికిచ్చే ఉంటరు గద. ఆయన్ని బొమ్మల గియ్యలే, గంతే."

మేం ఆ ఇంట్లో ఇంకో తొమ్మిదేళ్లు హాయిగా ఉన్నాం. రాష్ట్రం వచ్చిన రోజు మొదటి మిఠాయి మా వాటాకే తెచ్చారు.

ఇప్పుడా పటం తెల్లాపూర్‌లో మా సొంత ఇంట్లో ఉంది. చెక్క చాలని కుడివైపు ఆయన తన ఇంటి పాత తలుపు ముక్క ఒకటి అతికారు. గడియ పెట్టే తొర్ర దానికి అలాగే ఉంది. యోసేపు సరిగ్గా ఆ తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు.