గెలవమని ఎవరూ పిలవలేదు

ధవళేశ్వరంలో మా ఇరిగేషన్ ఆఫీసు. ఓ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సూపరింటెండెంట్ గారు ఫోన్లో బాక్సింగ్ వీడియో చూస్తున్నారు. ఇద్దరు మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు పచ్చడి చేసుకుంటున్నారు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నన్నడిగారు.

"మీరు ఆడారు కదమ్మా ఇది. నిజం చెప్పండి. వీళ్లు డబ్బు కోసం కొట్టుకుంటారా, కొట్టుకోవడం ఇష్టమై కొట్టుకుంటారా?"

"డబ్బు కోసమేనండి," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి కుళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. నేను చెప్పింది నా మట్టుకు నిజమే. పతకం వస్తే ఉద్యోగం వస్తుందని కొట్టాను, వచ్చింది, మానేశాను. కానీ నిజంగానే డబ్బు పుచ్చుకుని రింగులో దిగిన మనిషి ఒకామె నాకు తెలుసు. ఆమె సంగతి ఒక్క మాటలో తేలేది కాదు.

మాది కడియం. నాన్న నర్సరీలో మొక్కలు లారీలకెక్కించేవాడు. మా వీధి చివరింట్లో అక్క ఉండేది. సొంత అక్క కాదు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఆదివారం చర్చిలో ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. నన్ను బాక్సింగుకి తీసుకెళ్లింది అక్కే. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాజమండ్రిలో ఓ రేకుల షెడ్డులో ఊరికే నేర్పేవారు. మాస్టారు అనేవాళ్లం. తెల్లారగానే మొదటి బస్సెక్కి వెళ్లి, ఎండ ముదిరేలోగా తిరిగొచ్చేవాళ్లం.

షెడ్డులో రింగంటే నాలుగు రాటలు, నైలాన్ తాళ్లు. కొట్టడానికి సంచీ కొనే స్తోమత లేక, మేమే నర్సరీ నుంచి కొబ్బరి పొట్టు తెచ్చి గోనెసంచుల్లో కూరి వేలాడదీశాం. వానాకాలం అది తడిసి బండలా అయిపోయేది. కొడితే మోచేతి దాకా జిల్లుమనేది. అక్క మాత్రం అప్పుడే ఎక్కువసేపు కొట్టేది. "ఇప్పుడు చూడవే, ఇది కూడా తిరిగి కొడుతోంది," అని నవ్వేది.

ఇద్దరిదీ ఒకే బరువు. అందుకే జాతీయ పోటీలకి వెళ్లే ఒక్క చోటు కోసం చివరికి మేమిద్దరమే తలపడాల్సి వచ్చింది. నేను గెలిచాను. చాలా కొద్దిలో. చిన్నదాని జీవితం బాగుపడుతుందని అక్క వదిలేసిందని ఊళ్లో అనుకున్నారు. అది అబద్ధం. ఆ రోజు అక్క కొట్టిన దెబ్బకి పది రోజులు కుడిపక్క తిరిగి పడుకోలేకపోయాను. అక్క వదిలేసే మనిషి కాదు. ఆ ఒక్క రోజు నా చెయ్యి ముందు తగిలింది, అంతే.

జాతీయ పోటీల్లో కంచు పతకం వచ్చింది. స్పోర్ట్స్ కోటాలో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజు నాన్న ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి, "ఇంక చాలమ్మా. దేనికోసం కొట్టావో అది వచ్చేసింది కదా," అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఆ నెలలోనే షెడ్డుకి వెళ్లడం మానేశాను. మానేశాక గాని తెలియలేదు, దేనికోసం కొట్టానో అందులో ఇంకేదో కూడా ఉందని.

అక్క నర్సరీలోనే ఉండిపోయింది. గులాబీలకి అంటు కట్టే పని. పిడికిళ్లు కాయలు కాసిన ఆ చేతులతో అంత సన్నటి పని ఎలా చేసేదో! ముప్పై దగ్గర పడ్డాక, మాస్టారికి తెలిసిన వాళ్లెవరో పిలిస్తే ప్రొఫెషనల్ పోటీలకి వెళ్లడం మొదలుపెట్టింది. తలకి రక్షణ ఉండదు, గెలిచినా ఓడినా డబ్బిస్తారు. ఏడాదికి రెండో మూడో. ఎక్కువగా ఓడిపోయే వచ్చేది. కన్ను వాచి వచ్చిన ప్రతిసారీ వాళ్లమ్మ వీధిలో అందరికీ, "పనికెళ్లిందండి, పనన్నాక దెబ్బలు తగలవా," అని చెప్పుకునేది.

నాలుగేళ్ల కింద అక్క మా ఆఫీసుకే వచ్చింది. "బెంగళూరులో ఆరు రౌండ్ల ఫైటు. పోటీ పెట్టేవాళ్లు పైకి తెస్తున్న అమ్మాయితో ఆడాల్సిన పిల్లకి చెయ్యి విరిగిందట, పది రోజుల్లో రమ్మన్నారు. మాస్టారికి ఒంట్లో బాలేదు. రింగు మూలలో నీళ్లివ్వడానికి, సలహా చెప్పడానికి నా పక్కన నువ్వుంటావా?"

నేను సెలవు పెట్టాను. ఏం కారణం రాశానో గుర్తులేదు.

బరువు తూచేదాకా అక్క ఏమీ తినకూడదు. రైల్లో ఆకలికి ఆగలేక పులిహోర పొట్లం కొన్నాను గాని, అక్క ముందు విప్పలేకపోయాను. "తినవే. నాకు వాసన చాలు," అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మంచినీళ్లు కూడా తాగకుండా, పెదాలు తడుపుకుంటూ బెంగళూరు దాకా వచ్చింది.

బరువు తూచే చోట పోటీ పెట్టినాయన తరఫు మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. మంచి షో ఇవ్వండి మేడమ్, ఆరు రౌండ్లూ నిలబడితే చాలు, మళ్లీ మళ్లీ పిలుస్తాం అన్నాడు. అక్క తలూపింది. హాలు గోడల నిండా ఆ అమ్మాయి ఫోటోలే. ఇరవై రెండేళ్లుంటాయి, ఒక్కటీ ఓడలేదు. అక్క ఫోటో ఎక్కడా లేదు.

లాడ్జికొచ్చాక అడిగాను. "ఆరు రౌండ్లూ నిలబడితే చాలంటే ఏంటక్కా?"

"ఏంటంటే, నన్ను పిలిచింది ఓడిపోవడానికి. ఓడిపోమని నోటితో ఎవరూ అనరు. బాగా ఆడి ఓడిపోయేవాళ్లకి పని దొరుకుతూ ఉంటుంది. వాళ్లమ్మాయిని పాడు చేసినవాళ్లని మళ్లీ ఎందుకు పిలుస్తారు?"

"మరి నువ్వు?"

"గ్లవ్స్ కింద చేతికట్టు సరిగ్గా కట్టడం గుర్తుందా నీకు?" అని చెయ్యి ముందుకు చాపింది.

మర్నాడు సాయంత్రం ఆ చేతులకి కట్టు రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. హాల్లో జనం ఆ అమ్మాయి పేరే అరుస్తున్నారు. మొదటి మూడు రౌండ్లూ అక్కవి కావు. ఆ పిల్ల చేతులు పొడుగు, అక్క దగ్గరికే రానివ్వలేదు. నాలుగో రౌండులో డొక్కలో ఒకటి తగిలి అక్క మోకాలు వంగింది. గంట కొట్టాక స్టూలు మీద కూలబడితే, ముఖం తుడుస్తూ చూశాను. ఎడమ కనుబొమ్మ చిట్లింది.

"ఆపేద్దామా అక్కా?"

అక్క మౌత్‌గార్డ్ తీసి నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది. "కబుర్లొద్దు. ఏం చూశావో అది చెప్పు."

నేను చూసిందొకటుంది. అందాకా నాకే తెలియదు, చూశానని. "ఎడమ చెయ్యి వేశాక వెనక్కి తీసుకునేటప్పుడు కిందికి జార్చేస్తోంది. ప్రతిసారీ."

"ఊఁ," అంది.

అయిదో రౌండు సగంలో ఆ ఎడమ చెయ్యి జారింది. అక్క కుడిచెయ్యి దాని మీదుగా వెళ్లింది. చప్పుడు నాకు తెలిసిన చప్పుడే, తడిసిన గోనెసంచి చప్పుడు. ఆ పిల్ల కూర్చుండిపోయింది. రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచింది. అక్క వాళ్ల మూల వైపు కాదు, నా వైపు చూసింది. రక్తం కారుతున్న ఆ ముఖంలో నవ్వు. డబ్బు కోసం ఆడే మనిషైతే అక్కడితో ఆగాలి. ఇంకో మూడు నిమిషాలు ఎలాగోలా గడిపేస్తే, చూసేవాళ్లకి మంచి షో, వాళ్లమ్మాయికి గెలుపు, తనకి మళ్లీ పిలుపు. అక్కకి అవన్నీ నాకంటే బాగా తెలుసు.

ఆరో రౌండు మొదలవగానే ముందుకెళ్లింది. తాళ్ల దాకా నెట్టుకుంటూ వెళ్లి, పైన, కింద, మళ్లీ పైన. రిఫరీ మధ్యలో దూరి ఆపేశాడు. హాలంతా చల్లబడిపోయింది. ఇద్దరో ముగ్గురో చప్పట్లు కొట్టారు. అక్క గ్లవ్స్‌తోనే ఆ పిల్ల తలని భుజానికి ఆనించుకుని చెవిలో ఏదో చెప్పింది.

నేను రక్తం తువ్వాళ్లు పట్టుకుని బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను. అక్క గెలిచిందని కాదు. ఆ రెండు రౌండ్లూ నా పిడికిళ్లు ఎంత గట్టిగా బిగుసుకున్నాయంటే, అరచేతుల్లో గోళ్ల గాట్లు పడ్డాయి. ఆ తాళ్ల అవతల ఉండాల్సింది నేను. అక్కకి ఎదురుగానైనా సరే, దెబ్బలు తింటూనైనా సరే.

పోటీ వాళ్లు ఇస్తామన్న కవరు ఇచ్చేశారు. మళ్లీ పిలుస్తామని మాత్రం అనలేదు.

తిరుగు రైలు నిడదవోలు దాటాక, ప్లాస్టరేసిన కనుబొమ్మ కింద నుంచి అక్క పొలాలు చూస్తోంది. అప్పుడడిగాను. "డబ్బు కోసమైతే నిన్న ఓడిపోయేదానివి కదక్కా?"

"డబ్బు లేకపోతే నన్ను ఇల్లు కదలనిచ్చేవాళ్లేంటే? ఇష్టం అని చెబితే మా అమ్మ గడప దాటనివ్వదు. పని అని చెబితే క్యారేజీ కట్టిచ్చి పంపుతుంది. ఆ డబ్బు ఇంట్లో చెప్పడానికి. అలాగని అక్కర్లేదని కూడా అనను, మా ఇంటి పైకప్పు దాంతోనే వేయించాను." నా వైపు తిరిగింది. "కానీ ఆ పిల్ల చెయ్యి జారినప్పుడు పైకప్పు గుర్తొస్తుందా ఎవరికైనా?"

గోదావరి బ్రిడ్జి మీద రైలు చప్పుడు మొదలయ్యేసరికి ఇద్దరం సంచులు సర్దుకున్నాం.

తర్వాత పిలుపులు రాలేదు. ఏడాది పాటు అక్క అంటు కడుతూ, ఫోను మొక్కల మధ్య కుండీ అంచున ఆనించి పెట్టుకునేది. మోగితే చాలు, మట్టి చేతులతోనే ఎత్తేది. ఎవరో మొక్కల వ్యాపారి. ఆ ఏడు మాస్టారు పోయారు. షెడ్డు రేకులు ఎవరో విప్పుకుపోయారు. తర్వాత పూణెలో ఒక జిమ్ములో నేర్పే పని దొరికితే అక్క వెళ్లిపోయింది.

మొన్న నేను ఆఫీసులో ఉండగా వీడియో కాల్ చేసి జిమ్ము చూపించింది. అద్దాలు, చల్లటి ఏసీ, గులాబీరంగు గ్లవ్స్ వేసుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు పాటకి తగ్గట్టు సంచుల్ని కొడుతున్నారు. మంచి జీతం, మంచి మనుషులు అంది.

"మరి బాగుందిగా అక్కా."

"బాగుంది," అంది. ఓ పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "కానీ ఎవరూ తిరిగి కొట్టరే."

పక్క టేబుల్ ఆవిడ వింటోందని తెలిసి కూడా అనేశాను. "నేనొస్తాను. రెండో శనివారం కలిసొస్తుంది. నేను కొడతాను."

"ఎన్నాళ్లైందే నువ్వు నీ చేతులకి కట్టు కట్టుకుని?"

"పదేళ్లు దాటింది."

"నేను వదలను మరి."

"నువ్వు ఎప్పుడు వదిలావు గనక?"

అక్క నవ్వింది. అటుపక్క ఎవరో పిలిస్తే ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రమే టికెట్టు తీశాను. ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది. రోజూ ఆఫీసుకి బస్సెక్కగానే ముందు అదే చూసుకుంటున్నాను.