మిరప ఘాటు కాదన్న మనిషి

మా అమ్మాయి కంటి జబ్బును పసితనంలోనే నేను కనిపెట్టానని బంధువులంతా చెప్పుకుంటారు. అది నిజం కాదు. కనిపెట్టింది అద్దంకి నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ.

అప్పుడు పాపకి ఏడో నెల. ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పాప కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఘాటుకేనని తీర్మానించాను. ఎంత పెద్ద కళ్ళో అని అందరూ మురుస్తుంటే దిష్టి తీయించాను.

బస్సులో ఎండ పడగానే పాప నా భార్య భుజంలో మొహం దాచుకుంది. పెద్దావిడ అది చూసి, "ఎప్పుడూ ఇంతేనా అమ్మా?" అంది.

"మిరప ఘాటండీ" అన్నాను.

"ముప్పయ్యేళ్ళ నుంచి మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నా, ఘాటు సంగతి నాకు చెబుతావా బాబూ? ఘాటుకి కళ్ళు మండుతాయి గాని పెద్దవవుతాయా? మా చెల్లెలి కూతురికీ ఇట్టాగే. కంట్లో ఒత్తిడంట. ఆపరేషన్ చేయాలంటే మావాళ్ళు నాన్చారు, చూపు పోయింది. ఇవాళే చూపించు."

"మీ పని మీరు చూసుకోండి" అని మొహం తిప్పుకున్నాను.

గుంటూరులో దిగగానే నా భార్య నా మాట వినకుండా పాపని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వారంలోపే రెండు కళ్ళకీ ఆపరేషన్ చేశారు. "మంచి సమయానికి తెచ్చారు. ఎవరు గమనించారు?" అని డాక్టరు అడిగితే, "నేనే" అన్నాను. నా భార్య నా వైపు ఒకసారి చూసి, పాపని భుజాన వేసుకుంది.

పాప ఇప్పుడు కళ్ళద్దాలతో ఇంటర్ చదువుతోంది. మొన్న తనకి ఇదంతా చెప్పాను. కోప్పడలేదు. "ఆవిడ ఎక్కడ దిగింది నాన్నా?" అని మాత్రం అడిగింది.

నేను చూడలేదు.